విశ్వేశ్వర గోళకీ మఠం: కాకతీయుల నాటి వసతి విద్యాలయం

13వ శతాబ్దంలో కృష్ణ దక్షిణపు గట్టున, నేటి గుంటూరు జిల్లా మందడం దగ్గర వెలసిన శైవ మఠ విద్యాలయమే విశ్వేశ్వర గోళకీ మఠం. దీన్ని స్థాపించిన విశ్వేశ్వర శంభువు కాకతి గణపతిదేవుని దీక్షాగురువు. చదువుకునే పిల్లలకూ చదువు చెప్పే పెద్దలకూ ఉండటానికి చోటు, తినడానికి తిండి, జబ్బు చేస్తే మందు ఒకే ఆవరణలో ఏర్పాటు చేసి, ఆ ఖర్చంతా భూముల రాబడికి ముడిపెట్టిన సంస్థ ఇది. తెలుగు నేల మీద మత సంబంధమైన వసతి విద్యాలయాల గురించి ఇంత వివరంగా చెప్పే పాత ఆధారం మరొకటి లేదనే చెప్పాలి. ఆ ఆధారం కూడా కట్టడం కాదు. గోడలు పోయి, ఖర్చుల లెక్క మాత్రం రాతి మీద మిగిలింది. అందువల్ల ఈ మఠం వాస్తు గురించి మాట్లాడాలంటే ముందు దాని జమాఖర్చు చూడాలి.

మందడం కృష్ణ ఒడ్డున ఉన్నా, విశ్వేశ్వర శంభువు పని అక్కడితో ఆగలేదు. గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరంలో ఆయన ఉపలమఠం అనే పేరుతో ఒక మఠం పెట్టాడు. 1261 నాటి మల్కాపురం శాసనంలో కనిపించే మంత్రకూటం నేటి మంథని అని పండితులు గుర్తించారు. అక్కడ తన పేర లింగాన్ని ప్రతిష్ఠించి, దాని పోషణకు ఊళ్లు రాసిచ్చాడు. కాళేశ్వరం దాటిన గోదావరి ఏటూరునాగారం, వెంకటాపురం, చర్ల మీదుగా పర్ణశాలకూ భద్రాచలానికీ దిగుతుంది. అంటే చర్ల అడవులకు ఎగువన, అదే నది గట్టు మీద కాకతీయుల కాలంలోనే ఒక మఠం నడిచింది. భద్రాచలం పేరు చెప్పగానే 17వ శతాబ్దపు కంచర్ల గోపన్న (భక్త రామదాసు) దగ్గర మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. ఈ నదీతీరపు శైవం అంతకంటే నాలుగు వందల ఏళ్లు పాతది.

వంశం

గోళకీ సంప్రదాయం తెలుగువాళ్లది కాదు. దాని పుట్టిల్లు నర్మద, శోణ నదుల సీమలోని చేది దేశం. 10వ శతాబ్దంలో కలచురి రాజు మొదటి యువరాజదేవుడు సద్భావ శంభువు అనే ఆచార్యునికి మూడు లక్షల సీమను భిక్షగా ఇచ్చాడనీ, ఆయన దాన్నంతా తాను స్థాపించిన గోళకీ మఠానికే ధారపోశాడనీ మల్కాపురం శాసనం చెబుతుంది. మూడు లక్షలంటే ఊళ్లా, ఆదాయమా అన్న చర్చ అలాగే ఉంది. ఆ మొదటి మఠం మధ్యప్రదేశ్‌లో రీవా దగ్గరి గుర్గిలో ఉండేదని కొందరు, జబల్‌పూర్ దగ్గర భేడాఘాట్‌లోని గుండ్రటి చౌసఠ్ యోగిని గుడి ఆవరణే అదని మరికొందరు అన్నారు.

ఈ పరంపరలో సోమ శంభువు ఒకడు. శైవ నిత్యకర్మలను వరసపెట్టి చెప్పిన సోమశంభు పద్ధతి ఆయన రాసిందే. ఆ గ్రంథం దక్షిణాదిన ఎంతగా చెలామణీ అయిందంటే, 20వ శతాబ్దంలో పాండిచ్చేరిలోని ఫ్రెంచి విద్వాంసులు దాన్ని సంపుటాలుగా పరిష్కరించి అనువదించారు. మందడం మఠంలో పిల్లవాడి దినచర్య ఎలా ఉండేదో ఊహించడానికి శాసనం కంటే ఆ పుస్తకమే ఎక్కువ పనికొస్తుంది. తెల్లవారుజామున లేవడం, శౌచం, స్నానం, భస్మధారణ, సంధ్య, పూజ, హోమం అన్నీ అందులో మంత్రాలతో సహా వరసగా ఉంటాయి. దీక్ష తీసుకున్నవాడికి ఇవన్నీ పాఠంలో భాగమే.

సోమ శంభువు తర్వాత వామ శంభువు, శక్తి శంభువు, కీర్తి శంభువు, విమల శివుడు, ధర్మ శివుడు వచ్చారు. ధర్మ శివుని శిష్యుడు విశ్వేశ్వరుడు. ఈయనది గౌడ దేశం, అంటే బెంగాల్. దక్షిణ రాఢ సీమలోని పూర్వగ్రామం ఆయన స్వస్థలం. బెంగాల్‌లో పుట్టి, చేది దేశపు గురుపరంపరలో చేరి, ఓరుగల్లు రాజుకు దీక్ష ఇచ్చి, కృష్ణ ఒడ్డున తమిళ బ్రాహ్మణులకు ఊరు కట్టించిన మనిషి ఆయన. కాశ్మీరం నుంచి వచ్చిన ఒక పాటగాడు కూడా ఆయన ఏర్పరచిన సిబ్బందిలో ఉన్నాడు. ఆనాటి మఠాలకు దేశమంతా ఒకే వీధి.

గణపతిదేవుని విద్యామండపంలో, ఎర్రని జటలతో, చెవులకు కుండలాలతో కూర్చున్న విశ్వేశ్వరుణ్ణి చూసినవాళ్లు శివుణ్ణి చూసినట్టే అనుకునేవారని శాసనకవి వర్ణించాడు. పొగడ్త సంగతి అలా ఉంచి, రాజు నగరులో విద్యామండపం అనేది ఒకటి ఉండేదన్న కబురు అందులోంచే మనకు దొరుకుతుంది. గణపతిదేవుని మంత్రి శివదేవయ్య, ఈ విశ్వేశ్వరుడు ఒకరే అన్న వాదం ఒకటి ఉంది. అది ఇంతవరకు తేలని మాట.

శాసనం

మందడం పక్కనే ఉన్న మల్కాపురంలో పైన నంది కూర్చున్న ఒక ఎత్తయిన రాతి స్తంభం ఉంది. దాని మీది శాసనం శక సంవత్సరం 1183 నాటిది. అంటే క్రీ.శ. 1261. అప్పటికి ముసలివాడైన గణపతిదేవుడు ఇంకా బతికే ఉన్నాడు, పాలనలో ఆయన కూతురు రుద్రమదేవి చేయి పడింది. శాసనంలో ఎక్కువ భాగం సంస్కృతం, కొంత తెలుగు. దీన్ని జయంతి రామయ్య పంతులు పరిష్కరించి ఆంధ్ర చారిత్రక పరిశోధక సంఘం పత్రికలో ప్రకటించారు. తర్వాత దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలోనూ చేరింది.

దానం విషయం ఇది. వెలనాటి సీమలోని మందరం, నేటి మందడం, గణపతిదేవుడు గురువుకు ఇస్తానన్న ఊరు. రుద్రమదేవి తండ్రి మాట ప్రకారం దాన్నీ, దానితో పాటు వెలగపూడినీ, కృష్ణ లంక భూములతో సహా విశ్వేశ్వరునికి ధారపోసింది. ఆయన ఆ రెండు ఊళ్లనూ తన సొంతానికి ఉంచుకోలేదు. విశ్వేశ్వర గోళకి అనే పేరుతో అక్కడ ఒక కొత్త ఊరే కట్టించాడు. గుడి, మఠం, అన్నసత్రం, అగ్రహారం అన్నీ ఒక పథకం ప్రకారం వచ్చాయి.

అగ్రహారంలోకి ద్రావిడ దేశం నుంచి అరవై బ్రాహ్మణ కుటుంబాలను రప్పించి, కుటుంబానికి రెండేసి పుట్ల భూమి ఇచ్చాడు. పుట్టి కొలత సీమ సీమకూ మారేది కాబట్టి ఇవాళ్టి ఎకరాల్లోకి ఖచ్చితంగా మార్చడం కుదరదు. మిగిలిన భూమిని మూడు వాటాలు చేశాడు. ఒకటి విశ్వేశ్వర దేవుని గుడికి. ఒకటి విద్యార్థులకూ శుద్ధశైవ మఠానికీ. మూడోది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి.

మూడో వాటా దగ్గర చరిత్రకారులందరూ ఒకసారి ఆగుతారు. సన్యాసుల మఠం, వేదపాఠశాల, వాటి పక్కన పురుడు పోయడానికి ఒక ఇల్లు. ఆ ఇంటికి గుడితో సమానమైన వాటా ఉన్న పద్దులో చోటు. ఆనాటి రాజశాసనాల్లో గోవులకు, దీపాలకు, పూలతోటలకు భూమి ఇవ్వడం ఎక్కడైనా కనబడుతుంది. కాన్పు గదికి ఇవ్వడం అరుదు. దానం ఇచ్చింది ఒక స్త్రీ కాబట్టి ఆ ఆలోచన వచ్చి ఉంటుందని చాలామంది రాశారు. కానీ శాసనం ఆ ఏర్పాటును విశ్వేశ్వరునికే ఆపాదిస్తుంది.

సిబ్బంది పట్టీ

ఉపాధ్యాయులు మొత్తం ఎనిమిది మంది. ఋగ్వేదం, యజుర్వేదం, సామవేదం చెప్పడానికి ముగ్గురు. వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి ఐదుగురు. అథర్వానికి గురువు లేడు. సాహిత్యానికీ శైవాగమానికీ వేదంతో పాటు పీట వేశారు. అంటే ఇది కేవలం పురోహితులను తయారుచేసే బడి కాదు. ఇక్కడ చదివినవాడు గుడిలో పూజ చేయగలడు, సభలో వాదించగలడు, కావాలంటే శాసనానికి శ్లోకాలూ కట్టగలడు.

వీళ్లకు తోడు ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు, అంటే లెక్కలు రాసే కరణం. మఠానికీ సత్రానికీ కలిపి పని చేయడానికి ఆరుగురు బ్రాహ్మణ సేవకులు. గుడిలో ఆడేవాళ్లు, పాడేవాళ్లు, మద్దెల వాళ్లు వేరే. ఊరికి కావలసిన కంసాలి, కంచరి, కమ్మరి, వడ్రంగి, కాసెపని వాడు, కుమ్మరి, మంగలి, మేదరి కూడా శాసనంలో చోటు సంపాదించుకున్నారు. ఊరి కాపలాకు పదిమంది వీరభద్రులున్నారు. వీళ్ల గురించి చెప్పేచోట తల, కడుపు, వృషణాలు కోయడం అనే మాటలున్నాయి. తప్పు చేసినవాళ్లకు వీళ్లు వేసే శిక్షలు అని చదివినవారున్నారు, తమ శరీరాన్నే అర్పించుకునే వీరవ్రతం అని చదివినవారూ ఉన్నారు. రెండో అర్థమే కాకతీయుల కాలపు వీరశిల్పాలకు దగ్గరగా కనిపిస్తుంది.

సత్రంలో అన్నం ఎవరికి? బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా, వచ్చినవాడికి లేదనకుండా ఎప్పుడూ పెట్టాలని శాసనం ఆజ్ఞ. చదువు మాత్రం అందరికీ కాదు. అన్నంలో తెరిచిన తలుపును పాఠంలో మూసే ఉంచారు. మఠం ఔదార్యాన్ని మెచ్చుకునే వ్యాసాలు ఈ రెండో సంగతిని తరచూ దాటేస్తాయి.

అన్నిటి మీదా పెత్తనం గోళకీ వంశపు ఆచార్యుడిది. ఆయనకు నూరు నిష్కాల జీతం. ఆయన శాంతుడు, శైవ రహస్యాలు తెలిసినవాడు, మట్టిబెడ్డనూ బంగారాన్నీ ఒకేలా చూసేవాడు అయి ఉండాలి. తప్పుదారి పడితే ఆయన్ని తొలగించి మరొకరిని కూర్చోబెట్టే అధికారం ఆ సంప్రదాయపు శైవులకే ఉంచారు. రాజు మఠం పెట్టనిచ్చాడు గానీ మఠాధిపతిని మార్చే పని తన చేతిలో పెట్టుకోలేదు.

కట్టడం

మందడంలో మఠపు గదులు నేడు లేవు. గుడి, నంది స్తంభం ఉన్న చోటే ఆ ఊరికి నడిబొడ్డు అయి ఉండాలి. మిగతాది లెక్కను బట్టి, పోలికలను బట్టి చెప్పుకోవాల్సిందే.

మొదట తేల్చాల్సింది, ఇది ఒకే పెద్ద భవనం కాదు. గుడి, మఠం, సత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల వేర్వేరు పనులున్న ఇళ్లు. ప్రసూతిశాలను మఠానికి ఆనించి కట్టి ఉండరు. పురిటి మైల పాటించే సమాజంలో అది దూరంగా, బహుశా ఊరి వైపు ఉండాలి. సత్రం బాటసారులకు అందేలా దారి పక్కన ఉండాలి. ఆరుగురు సేవకులు మఠానికీ సత్రానికీ కలిపి పనిచేశారంటే ఆ రెండూ దగ్గరదగ్గరే. కృష్ణ వరద ముంచే నల్లరేగడి నేల కాబట్టి అన్నిటికీ ఎత్తు అరుగులు తప్పవు.

గోళకీ ఆచార్యులు వచ్చిన దేశంలో మాత్రం శైవ మఠాలు ఇంకా నిలిచి ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని సీధీ జిల్లాలో శోణ నది దగ్గర చంద్రేహ అనే ఊరుంది. అక్కడ ప్రశాంతశివుడు కట్టించిన గుడి, దాని పక్కనే ఆయన శిష్యుడు ప్రబోధశివుడు కట్టించిన మఠం ఉన్నాయి. మఠంలో ఉన్న శాసనం కలచురి సంవత్సరం 724, అంటే 10వ శతాబ్దపు 70ల నాటిది. బయటి నుంచి చూస్తే కిటికీలు పెద్దగా లేని రాతి గోడ. ముందు స్తంభాల వసారా. లోపలికి అడుగుపెడితే ఆకాశం కనిపించే చతురస్రపు నడవ, చుట్టూ స్తంభాల పంచ, పంచ వెనక గదులు. పూజ, పాఠం, పడక అన్నీ ఆ నాలుగు గోడల లోపలే. శివపురి ప్రాంతంలోని సుర్వాయ, రనోద్ మఠాలూ ఇదే పద్ధతివి. అక్కడ సున్నం లేకుండా పెద్ద పెద్ద రాతి పలకలనే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. ఇవి మత్తమయూర అనే శైవ శాఖవి. గోళకీ వాళ్లకు దగ్గరి చుట్టాలు.

ఆ నమూనా ఆంధ్ర దేశానికి కొత్తేమీ కాదు. విశ్వేశ్వరునికి దాదాపు వెయ్యేళ్ల ముందే కృష్ణా లోయలో బౌద్ధులు దాన్నే వాడారు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు విహారాలు నడుమ రాతి స్తంభాల మండపం, దానికి మూడు వైపులో నాలుగు వైపులో ఇటుక గదులు అన్న పద్ధతిలో ఉన్నాయి. స్తంభాలకూ నేల పరుపుకూ పలనాటి నాపరాయి వాడారు. భోజనశాల, కొట్టుగది, నీళ్లు పోయే కాలువ కూడా కొన్నిచోట్ల బయటపడ్డాయి. వాటికి దానాలిచ్చినవారిలో రాణులు, ఉపాసికలే ఎక్కువ. బోధిసిరి అనే గృహిణి ఏయే చోట్ల ఏమేం కట్టించిందో జాబితా వేసి మరీ శాసనం చెక్కించింది. 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల తర్వాత ఆ లోయ సాగర్ నీళ్ల కింద మునిగింది. విశ్వేశ్వరుడు ఒక మఠం పెట్టిన ఏలేశ్వరానిదీ అదే గతి. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలోని పెద్ద స్తూపం, విహారాల శిథిలాలు మాత్రం మునగలేదు.

అయితే బౌద్ధ విహారానికీ గోళకీ మఠానికీ ప్లానులో ఒక తేడా ఉంది. విహారం ఊరికి దూరంగా ఉండి, భిక్షకు ఊళ్లోకి వస్తుంది. గోళకీ మఠం తన చుట్టూ ఊరినే కట్టుకుంది. అందుకే నాగార్జునకొండలో గదులు లెక్కపెట్టగలం గానీ గదిలో ఉన్నవాడికి బియ్యం ఎక్కడినుంచి వచ్చిందో అంత వివరంగా తెలియదు. మందడంలో బియ్యం సంగతి పుట్లతో సహా తెలుసు, గది ఎక్కడుందో తెలియదు.

కాకతీయుల గుళ్లను చూసి మఠాన్ని ఊహించుకోవడంలో ఒక ప్రమాదముంది. 1213 నాటి రామప్ప గుడిలోని ఇసుక పునాది, నల్లరాతి స్తంభాలు, నీళ్లలో తేలే ఇటుకలు దేవుడి కోసం. మనుషులు ఉండే కట్టడాలకు రాతి పునాది మీద ఇటుకో మట్టో గోడ, కలప దూలాలు, పైన పెంకో గడ్డో చాలు అనుకుని ఉండాలి. కృష్ణ లంకల తేమలో అలాంటి ఇల్లు ఎన్నేళ్లుంటుంది? మఠం కనిపించకుండా పోవడానికి దండయాత్రలే కారణం కానక్కర్లేదు. మరమ్మతు చేసేవాడు లేకపోతే వందేళ్లు చాలు.

శాఖలు, క్షీణత

శ్రీశైలం, త్రిపురాంతకం, పుష్పగిరి క్షేత్రాల్లో గోళకీ ఆచార్యులు బలంగా పాతుకున్నారు. పల్నాటి దుర్గిలోనూ వారి శాసనం ఉంది. ఆంధ్ర దేశపు గోళకీ శాసనాలన్నిటినీ కలిపి చదివిన సింథియా టాల్బట్ వీటిని ఒకే గురువంశపు శాఖలుగా పరిశీలించారు. ఒక మఠం చెడినా శాఖ బతకడానికి ఈ అల్లిక పనికొచ్చింది.

1323లో ఓరుగల్లు పడిపోయాక రాజగురువు హోదా పోయింది. భూములు చేతులు మారాయి. ఇంకోవైపు వీరశైవం జనంలోకి చొచ్చుకుపోయింది. సంస్కృతం, దీక్ష, ఆగమం అనే మెట్లెక్కితే గాని అందని శైవం కంటే, మెడలో లింగం కట్టుకుంటే చాలన్న శైవం పల్లెకు దగ్గరైంది. శ్రీశైలంలో మఠాల పెత్తనం క్రమంగా వీరశైవుల చేతికి వెళ్లింది. పుష్పగిరిలో నేడున్నది అద్వైత పీఠం. గోళకీ పేరు గుడి శాసనాల్లో తప్ప నోళ్లలో మిగలలేదు.

మందడం, వెలగపూడి మాత్రం మళ్లీ వార్తల్లోకి ఎక్కాయి. రుద్రమదేవి మఠానికి రాసిచ్చిన వెలగపూడిలోనే 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ తాత్కాలిక సచివాలయం నడుస్తోంది.

గోదావరి మన్యంలో తర్వాతి వసతి బడులు

చర్ల వైపు మత వసతి బడి మళ్లీ కనిపించేది 19వ శతాబ్దంలో, మరో మతం చేతుల్లో, అంటే క్రైస్తవ మిషన్ చేతుల్లో. 1860లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు నిజాం నుంచి బ్రిటిష్‌వారికి దక్కాయి. గోదావరిలో పడవలు నడిపే పథకం కోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పని సాగుతుండగా, అక్కడి ఇంజనీరు హెయిగ్ చొరవతో చర్చ్ మిషనరీ సొసైటీ కోయల మధ్య ఒక మిషన్ పెట్టింది. జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో చాలా ఏళ్లు ఉండి, కోయల ఆచారాల మీద ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వరసగా రాశాడు. లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చాడు. పడవల పథకం మూలపడింది, మిషన్ నిలిచింది. తర్వాత ఈ మిషన్ డోర్నకల్ డయాసిస్‌లో చేరింది. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన, 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథీడ్రల్‌లో గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. అజరయ్య విలాయతీ గోతిక్ చర్చి నమూనాను పక్కనపెట్టి ఇక్కడి రూపాన్నే ఎంచుకున్నాడు.

చర్ల, వెంకటాపురం సీమ 19వ శతాబ్దంలో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. 20వ శతాబ్దపు తొలి దశకంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలోకి వచ్చింది. 1959లో భద్రాచలం డివిజన్‌తో పాటు ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో చర్ల మండలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. ఈ రోజు ఆ మండలంలో ఇంటికి దూరంగా ఉండి చదువుకునే కోయ పిల్లలకు దిక్కు గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాలలు. వీటికి మతంతో పనిలేదు. కానీ ఒక ఆశ్రమ పాఠశాల సిబ్బంది రిజిస్టరు తెరిస్తే 1261 నాటి పట్టీతో పక్కపక్కన పెట్టి చదవొచ్చు. సబ్జెక్టుల వారీ టీచర్లు, లెక్కలు చూసే వార్డెన్, వంటవాళ్లు, కాపలా మనిషి, కొన్నిచోట్ల జ్వరం చూసే ఏఎన్ఎం. ఆనాటి మఠానికి పొలం రాబడి నేరుగా వచ్చేది, పంట పండకపోతే పస్తు. ఇప్పుడు బియ్యం సివిల్ సప్లైస్ గోడౌన్ నుంచీ, మెస్ ఛార్జీలు ట్రెజరీ నుంచీ రావాలి.